కోతలు దగ్గరకొచ్చాయి, కన్నాలు చూసుకో

చి.ల.సౌ. పెద్దమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఫోనులో చెబుదామంటే సగం మాటలు బుడ్డోడి ఏడుపులో పోతున్నాయి, మిగతా సగానికి నువ్వు "సరే నాన్నా, సరే" అనేసి మర్చిపోతున్నావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివాక ఫ్రిజ్‌కి అంటించుకో.

ముందుగా అల్లుడుగారు తెచ్చిన ఆ ఎలుకల ట్యూబు మందు. దాన్ని వెంటనే ఇంట్లోంచి తీసేయండి. అందులో ఉండేది పసుపు భాస్వరం. బిస్కెట్టు మీద రాసి మూల పెడితే ఎలుక తింటుందో లేదో గానీ, పాకే పిల్లాడు ఉన్న ఇంట్లో బిస్కెట్టు ముందు ఎవరి చేతికి దొరుకుతుందో నీకు చెప్పక్కర్లేదు. అది కడుపులోకి పోతే మొదట వాంతులవుతాయి, తర్వాత ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపిస్తారు, ఆ తర్వాత లివర్ పాడవుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మామూలు చెత్తలో పడేస్తే వీధి కుక్కలు తింటాయి. కవర్లో కట్టి, మున్సిపాలిటీ బండివాళ్ళకి విషమని చెప్పి వేరుగా ఇవ్వండి. అల్లుడుగారికి నా మాటగా చెప్పు, నొచ్చుకోరు.

ఇక అసలు సంగతి. నిరుడు రాని ఎలుకలు ఈ ఏడు ఎందుకు వస్తున్నాయని అడిగావు. నిరుడు మీ వెనక చేలకీ మీకూ మధ్య ఖాళీ స్థలం ఉండేది, ఇప్పుడు మీ గోడ అవతలే గట్టు. కోతలయ్యేదాకా వాటికి చేలోనే తిండి, చేలోనే నీడ. కోసి కుప్ప వేశాక పొలం బోడి అవుతుంది. పైగా రాత్రిళ్ళు మంచు. ఇక అవి కళ్ళానికి, కళ్ళం నుంచి గడ్డివాముకి, అక్కడినుంచి ఇళ్ళలోకి దారి పడతాయి. సంక్రాంతి వెళ్ళేదాకా ఈ గొడవ ఉంటుంది. కాబట్టి మీ పక్క చేలు కోయకముందే నీ ఇల్లు మూసుకోవాలి, వచ్చాక పరిగెడితే లాభం లేదు.

వచ్చింది ఏదో ముందు తేల్చుకో. అది వేసిన పెంటిక బియ్యపు గింజంత, కొసలు సన్నగా ఉంటే చిట్టెలుక. పెసరకాయ ముక్కంత ఉంటే పెద్ద ఎలుక. ప్రహరీ మూల మట్టి గుట్టగా తోడేసి ఉంటే పందికొక్కు. ముక్కు పొడుగ్గా ఉండి, కీచుకీచుమంటూ గోడవారన పరిగెత్తేది, కంపు కొట్టేది చుంచు. దాని జోలికి పోకు, అది బొద్దింకల్ని తింటుంది. దానికి ఎలుక అన్న పేరు తగిలించి మనమే అన్యాయం చేశాం.

పొలంలో వ్యవసాయ శాఖ వాళ్ళు మందు పంచినప్పుడు మేం ఏం చేస్తామో చూశావు కదా. మొదటి రోజు కనిపించిన కలుగులన్నీ మట్టితో మూసేస్తాం. మర్నాడు ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే ఎలుక ఉన్నట్టు. నూకలు, నూనె, మందు కలిపిన పొట్లాలు వాటిలోనే వేస్తాం. ఆ పొట్లాలు చేనుకే, ఇంట్లోకి వద్దు. మందు తిన్న ఎలుక నీ అటక మీదో అలమార వెనకో చస్తే వారం రోజులు ఆ గదిలోకి అడుగు పెట్టలేవు. కానీ ఆ మూసి చూసే పద్ధతి మాత్రం ఇంట్లో భేషుగ్గా పనికొస్తుంది. అనుమానమున్న ప్రతి కన్నంలోనూ సాయంత్రం పాత పేపరు ఉండ చేసి కుక్కు. ముందు కాస్త ముగ్గుపిండి చల్లు. పొద్దున్నే పేపరు బయటపడి ఉన్నచోట, ముగ్గులో కాలి గుర్తులు ఉన్నచోట వాటి దారి.

చిన్న కన్నమేలే అని వదిలేయకు. పెన్సిలు దూరే సందులోంచి చిట్టెలుక దూరిపోతుంది. సింకు కింద గొట్టం గోడలోకి పోయేచోట చూడు, సింకు కింద తలపెట్టి టార్చి వేస్తే తప్ప కనపడదు. ఏసీ గొట్టం కన్నంలో బిగించినవాడు పెట్టిన స్పాంజి ఎలుకకి ఒక లెక్క కాదు. గ్యాసు గొట్టం లోపలికొచ్చే కన్నం మరీ ముఖ్యం. గొట్టం పాత రబ్బరుదైతే మార్పించు, లోపల తీగ అల్లిన నారింజ రంగుది వేయించు. కొరికిన గొట్టంతో పొయ్యి వెలిగిస్తే ప్రాణాల మీదకి వస్తుంది.

కన్నాల్ని ఉత్త సిమెంటుతో పూడ్చకు, తడి ఆరేలోపే తోడేస్తాయి. గిన్నెలు తోముకునే ఇనుప పీచు లోపల గట్టిగా కుక్కి, పైన గాజు పెంకులు కలిపిన సిమెంటు పెట్టించు. బాత్రూం తూముకి జాలీ, కిటికీకి దోమల వల కాకుండా సన్నకన్నాల ఇనుప వల. వెనక తలుపు కింద వేలు దూరుతోంది, పోయిన నెల వచ్చినప్పుడే చూశాను. దానికి రేకు పట్టీ కొట్టించు.

లోపల మిగిలినవాటికి బోను చాలు. అయితే పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం ఎక్కువ. రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి, గోడవారనే, ఊరికే తిండి పెట్టు. అలవాటు పడ్డాక బిగించు. జున్నుముక్క కార్టూన్లకే, మనవాటికి కాల్చిన కొబ్బరిముక్కో, ఉల్లి పకోడీయో, ఎండుచేప తలో. పట్టినదాన్ని పక్క వీధిలో వదిలితే నీకంటే ముందు ఇంటికొస్తుంది. చంపడం నీ వల్ల కాదని తెలుసు, అల్లుడుగారి వల్ల కూడా కాదనుకుంటాను. మీ వెనక రైతుని అడుగు, బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్ళు ఈ రోజుల్లో చేలకి వస్తూనే ఉంటారు, వాళ్ళకి అప్పజెప్పు. ప్లగ్గులో పెట్టే శబ్దం మిషన్లకి మాత్రం డబ్బు తగలెయ్యకు. జిగురు అట్టలూ వద్దు, వాటికి అంటుకుని రాత్రంతా అరుస్తుంటే నీకే నిద్ర పట్టదు.

పెంటికలు పడ్డచోట పొడి చీపురు పెట్టకు. బ్లీచింగు నీళ్ళు చల్లి, కాసేపు నాననిచ్చి, చేతికి తొడుగు వేసుకుని తుడువు. ఎలుక మూత్రంతో జ్వరాలొస్తాయి, కాలి పగుళ్ళలోంచి కూడా పాకుతాయి. పెరట్లోకి చెప్పులు లేకుండా వెళ్ళకు.

ఆదివారం తమ్ముడు కొత్త బియ్యం బస్తాతో పాటు ఇనుప వల, బోను తెస్తున్నాడు. బియ్యం రాగానే మూతున్న స్టీలు డ్రమ్ములో పోసెయ్, బస్తాతో నేల మీద ఉంచకు. మేస్త్రీని ఆ రోజుకే రమ్మను, తమ్ముడు దగ్గరుండి చేయిస్తాడు. ఏసీ కన్నం ఎత్తులో ఉంది కాబట్టి కింద ఇంటివాళ్ళ నిచ్చెన ముందే అడిగి పెట్టు.

ఇట్లు,
నాన్న