వరద నష్టాన్ని పాత చెమ్మగా తేల్చిన సర్వేపై ఫిర్యాదు

సిరొంచ, గడ్చిరోలి జిల్లా,
అక్టోబర్ 2022.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
బీమా కంపెనీ ప్రాంతీయ కార్యాలయం, నాగపూర్.

విషయం: భారత్ గృహ రక్షా పాలసీ కింద ఇంటి మరమ్మతు క్లెయిమును తిరస్కరించడం గురించి.

అయ్యా,

గత జూలైలో గోదావరి, ప్రాణహితలకు వచ్చిన వరదలో మా ఇల్లు మునిగింది. నేను పెట్టుకున్న క్లెయిములో సామాన్లకు కొంత మొత్తం మంజూరు చేసిన మీ కార్యాలయం, గోడలకు, నేలకు, దర్వాజలకు జరిగిన నష్టాన్ని మాత్రం పాత చెమ్మ వల్ల కలిగినదంటూ తోసిపుచ్చింది. ఇంటి నష్టాన్ని కాదనడంతో దానికి ముడిపడిన అద్దె ఖర్చు కూడా రాకుండా పోయింది. ఈ నిర్ణయాన్ని నేను అంగీకరించడం లేదు. మీ ఏజెంటు మా అరుగు మీద కూర్చుని తెలుగులోనే పాలసీ వివరించి సంతకం తీసుకున్నారు కనుక ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను.

సిరొంచ ప్రాణహిత ఒడ్డున ఉంది. ఆ నది ఇక్కడికి దగ్గరలోనే, కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు ప్రాణహిత నీరు ముందుకు పోలేక వెనక్కి తన్ని, వాగుల గుండా, మురికి కాల్వల గుండా ఇళ్లలోకి ఎక్కుతుంది. మా ఇంటిని ముంచింది, జూలై 16న దిగువన భద్రాచలం వద్ద గోదావరిని 71.3 అడుగులకు చేర్చిన వరదే. అలా ఎక్కిన నీరు ఇంట్లోనే నిలిచి, గోడల్లోకి ఇంకి, బండల కింద మట్టిని తినేసి పోతుంది. నష్టం అంచనా వేయడానికి వచ్చిన మీ సర్వేయరు చూసిన చెమ్మ ఆ నీటిదే. పాలసీలో వరదతో పాటు ముంపు అని కూడా రాసి ఉన్నందున, నీరు ఏ దారిన వచ్చిందన్న వాదనకు తావు లేదు.

నష్టం గురించి తెలియజేసిన రోజు, సర్వేయరు వచ్చేదాకా దేన్నీ కదిలించవద్దని మీ కాల్ సెంటర్ వారు చెప్పారు. క్లెయిము అందిన 72 గంటల్లో సర్వేయరును నియమించాలని బీమా నియంత్రణ సంస్థ 2017 నిబంధనలు చెబుతుండగా, ఆయన మా గడప తొక్కేసరికి ఆగస్టు సగం గడిచింది. ఒండ్రును తడి ఆరకముందే పారతో లాగి కడిగేయాలి, ఎండితే గడ్డపారకు కూడా లొంగదు. నది ఒడ్డున కాపురం ఉండేవారికి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. బియ్యం బస్తాలు కుళ్లి ఇంట్లో నిలబడలేని పరిస్థితిలో, ప్రతి గదినీ ఫోటోలు, వీడియోలు తీసి మీరిచ్చిన వాట్సాప్ నంబరుకు పంపిన తర్వాతే శుభ్రం చేయించి, అద్దె గదికి మారాము. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) రాసిన పంచనామా నకలు కూడా మీకు అందింది. మీ తిరస్కరణ లేఖలో వీటిలో ఒక్కదాని ప్రస్తావన కూడా లేదు.

సర్వేయరు ముందుగది గోడను ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. వంటగదిలో కుంగిన బండలను కర్రతో తట్టి, లోపల డొల్లగా మోగుతున్న చప్పుడు వినిపించినా ఆయన రాసుకోలేదు. టేకు తలుపు ఉబ్బి చట్రంలో ఇరుక్కుపోయింది, దాన్నీ చూడలేదు. అన్ని గదుల గోడల మీదా, కిటికీ అడుగుకు కాస్త పైన, మేస్త్రీ దారం పట్టి గీసినట్టు ఒకే మట్టంలో ఒండ్రు గీత ఉంది. చెమ్మ నేలలోంచి పాకినదైతే గోడ గోడకూ ఎత్తు మారేది. ఇంత మాత్రం పరిశీలన లేకుండా నివేదిక రాసి ఉంటే, అది ఎంత నమ్మదగినదో మీరే ఆలోచించాలి.

కాబట్టి సర్వే నివేదిక నకలును నాకు పంపించి, మరొక సర్వేయరుతో ఇంటిని తిరిగి పరిశీలింపజేయవలసిందిగా కోరుతున్నాను. మరమ్మతు ఖర్చుతో పాటు ఒండ్రు, శిథిలాల తొలగింపు ఖర్చునూ, ఇల్లు బాగయ్యే వరకు అద్దెనూ పాలసీ ప్రకారం చెల్లించాలి. ఆలస్యానికి బ్యాంకు రేటుకు 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని నిబంధన ఉన్న సంగతి మీకు తెలిసినదే. నెలలోగా సరైన జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిస్తాను.

వెనక గదిలో ఆ గీత మీద ఇంకా సున్నం వేయించలేదు. కొత్త సర్వేయరు వచ్చే తేదీని రెండు రోజుల ముందు తెలియజేస్తే తాళం తీసి ఉంచుతాను.

ఇట్లు,
పాలసీదారు.

జతపరచినవి: తిరస్కరణ లేఖ, పంచనామా, అద్దె రసీదుల నకళ్లు, ఫోటోలు.