మహిళా నాయకత్వ శిక్షణపై మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారములు.

నగరంలో నేను హాజరైన ఒక శిక్షణ తరగతిలో, స్వయం సహాయక సంఘాలను ఏళ్ల తరబడి నడిపిన మహిళలకు గొంతు పెంచి మాట్లాడటమే నాయకత్వమని బోధించారు. ఆ మాట నన్ను బాధించింది. పదిమందినీ కూర్చోబెట్టి, అందరూ ఒప్పుకునే దాకా ఓపిక పట్టే మా బస్తీ సంఘం అధ్యక్షురాలిది బలహీనత కాదు. గట్టిగా మాట్లాడితే గయ్యాళి అనీ, మెత్తగా ఉంటే చేతకానిదనీ అనే సమాజంలో ఆమె సంపాదించుకున్న నేర్పు అది.

ఆ నిందలు కూడా ఆడవాళ్లందరి మీదా ఒకేలా పడవు. హైదరాబాద్‌లో పుట్టి 1925లో కాంగ్రెస్ అధ్యక్షురాలైన సరోజినీ నాయుడుకు విదేశీ చదువూ, విద్యావంతుల కుటుంబమూ అండగా ఉన్నాయి. సికింద్రాబాద్ దళిత కుటుంబం నుంచి వచ్చి, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి అయిన టి.ఎన్. సదాలక్ష్మి కులాన్ని కూడా ఎదుర్కోవలసి వచ్చింది. అమెరికాలో జాతి వేసే భారాన్ని ఇక్కడ చాలావరకు కులం వేస్తుంది. అయినా 1968లో అక్కడి పార్లమెంటుకు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ షిర్లీ చిషోమ్, నల్లజాతి కావడం కంటే స్త్రీ కావడమే తనకు పెద్ద అడ్డంకి అయిందని చెప్పారు.

కనుక శిక్షణ పాఠాలను దళిత, ఆదివాసీ, ముస్లిం మహిళా నాయకుల అనుభవం ఆధారంగా, వారినే కూర్చోబెట్టి, తెలుగులోనూ ఉర్దూలోనూ తయారు చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ పౌరురాలు