నా పళ్ళెం సరిదిద్దిన మేడమ్‌కు కృతజ్ఞతలు

పోయిన వారం రిపోర్టు వచ్చింది. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.5 శాతం. ఏడాది కిందట ఇదే పరీక్షలో 6.1 ఉండేది. ఇందులో సగం పుణ్యం మా డైటీషియన్ మేడమ్‌ది. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు గానీ, చదివితే తన గురించేనని ఆమెకు తెలిసిపోతుంది.

రెండో కాన్పప్పుడు నాకు గర్భధారణ మధుమేహం వచ్చింది. పాప పుట్టాక షుగర్ మామూలైపోయింది, ఆ సంగతి అందరం మరిచిపోయాం. కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల్లోపు 75 గ్రాముల గ్లూకోజు తాగించి మళ్ళీ పరీక్ష చేయాలనీ, అందులో ఏమీ లేకపోయినా 1 నుంచి 3 ఏళ్ళకోసారి చూపించుకుంటూ ఉండాలనీ నాకెవరూ చెప్పలేదు. చెప్పినా చంటిపిల్లతో ఆ మాట చెవికెక్కేదో లేదో, అది వేరే సంగతి. నాలుగేళ్ళ తర్వాత ఇంకో పని మీద రక్తం ఇస్తే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు మెట్టు, అని తేలింది. అప్పుడు చూసిన డాక్టరుగారు "తీపి మానేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా అమ్మకూ షుగరే. నా వంతు వచ్చేసిందనుకుని ఆ రాత్రి ఏడ్చాను.

మేడమ్ మొదటి రోజు ఏ చార్టూ ఇవ్వలేదు. నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నారో చెప్పమన్నారు. అంతా విని, "పాప వదిలేసినవి ఎవరు తింటారు?" అనడిగారు. నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నా లెక్కలో లేని భోజనం ఒకటి రోజూ అక్కడే జరుగుతోంది మరి.

పళ్ళెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పుధాన్యాలో గుడ్డో చేపో, మిగిలిన పావే పిండిపదార్థం, అదీ వీలైనంత వరకు పొట్టు తీయని ధాన్యం. ముందు కూరగాయలు తిని, పిండిపదార్థం చివర్లో తినమన్నారు. అలా తింటే భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా ఎగబాకదట. ఆరోగ్యమనుకుని నేను రోజూ తాగే పండ్లరసం మానిపించి, పండునే నమిలి తినమన్నారు. రసం తీస్తే పీచు పోతుంది, మూడు నాలుగు పండ్ల చక్కెర ఒక్క గ్లాసులో దిగిపోతుంది. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే.

"ఏం తింటే రాదు మేడమ్?" అంటే, అలాంటి పదార్థం ఒక్కటీ లేదన్నారు. 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ గురించి అప్పుడే చెప్పారు. ముప్పున్న 3,234 మందిని తీసుకున్నారు. తిండి మార్చుకుని, వారానికి 150 నిమిషాల వ్యాయామంతో బరువులో 7 శాతం తగ్గాలని పూనుకున్నవాళ్ళకు మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్ళకు 31 శాతం. నాలా గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్ళలోనైతే రెండూ దాదాపు సగానికి తగ్గించాయట. అందుకే డాక్టరు మాత్ర రాస్తే మొహమాటపడొద్దన్నారు. నా 72 కిలోల్లో 7 శాతమంటే ఐదు కిలోలు. ఇరవై తగ్గాలేమోనని హడలిపోయి వెళ్ళినదాన్ని!

మధ్యలో రెండు నెలలు జారిపోయాను. బరువు కదల్లేదు, ఆమె దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆమే ఫోన్ చేసి "తిట్టను, రండి" అన్నారు. మిగతా సలహాలన్నీ ఒకెత్తు, ఆ ఫోను ఒకెత్తు.

మా ఆయనకూ అత్తయ్యగారికీ కూడా థాంక్స్. నాకు వేరే వండించకుండా అందరూ అదే తిన్నారు. అత్తయ్యగారు మొదట్లో కాస్త గొణిగారు లెండి.

మేడమ్, మళ్ళీ పరీక్ష ఏడాదికన్నారు కదా, క్యాలెండర్లో రాసుకున్నాను. పాపకిప్పుడు తక్కువ వడ్డిస్తున్నాను. వదిలేయడానికి పెద్దగా ఏమీ మిగలడం లేదు.