ఇంజిను కాగిపోతోందన్నావు కదా

విశాఖపట్నం

ఒరేయ్ మావా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు జెట్టీ మీద ఐసు ఎక్కిస్తున్నాం, ఆ గోలలో సగం వినపడలేదు. వేట నిషేధం అయ్యాక మొదటి వేటకే ఇంజిను కాగిపోతోందని, మెకానిక్ ఇంజిను పైనుండే హెడ్ విప్పుదామంటున్నాడని మాత్రం అర్థమైంది. విప్పనివ్వకు. ఫోన్‌లో చెబితే సగంలో పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

పోయినేడు నాదీ ఇదే కథ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు కట్టేసి ఉంది. మనకి సెలవు గానీ గుల్లలకి సెలవేంటి, అడుగున నీళ్లు లాగే కన్నం దగ్గరా, పైపు లోపలా పట్టేశాయి. సముద్రపు నీళ్ల పంపులో నీళ్లు తోసే రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది కదా, దాని రెక్కలు అన్ని రోజులూ ఒకే వాటాన వంగి ఉండి బిగుసుకుపోయాయి. స్టార్ట్ చేశాం, నీళ్లు సరిగా అందలేదు, ఆ రబ్బరుకి నీళ్లే నూనె కాబట్టి ఎండగా తిరిగి నాలుగు రెక్కలు తెగాయి. కొత్తది వేశాం. అయిపోయిందనుకున్నా.

మళ్లీ వేటకి వెళ్తే నెమ్మదిగా పోతున్నంత సేపూ వేడి చూపే ముల్లు 80 దగ్గర బుద్ధిగా ఉంది, వల లాగడానికి రేజ్ చేయగానే 95 దాటింది. మెకానిక్, వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ పీకేశాడు. మనవాళ్లందరికీ అదో జబ్బు. కొన్ని ఇంజిన్లలో అది తీసేస్తే ఇంజిను చుట్టూ తిరిగే మంచినీళ్లు, వాటిని ఉప్పునీళ్లతో చల్లార్చే కూలర్‌కి వెళ్లకుండా దగ్గరి దారిలో తిరిగొచ్చేస్తాయి, వేడి ఇంకా పెరుగుతుంది. నేను దాన్ని ఇంటికి తెచ్చి దారం కట్టి గిన్నెలో మరిగించా, చక్కగా తెరుచుకుంది. ఆ గిన్నెకి మీ చెల్లెలు పెట్టిన చీవాట్లు వేరే ఉత్తరంలో రాస్తా.

చివరికి కూలర్ మూత విప్పితే సన్న గొట్టాల మూతుల మీద కూర్చుని ఉన్నాయిరా, పాత ఇంపెల్లర్ రెక్కలు మూడు! నాలుగోది ముందు పైపు వంపులో దొరికింది. పక్కన, లోపల తుప్పు పట్టకుండా పెట్టే జింక్ కడ్డీ విరిగిపడ్డ ముక్కలు కూడా. కొత్తది వేసేటప్పుడు తెగిన రెక్కలు ఎక్కడికి పోయాయని ఒక్కడికీ తట్టలేదు, నాతో సహా.

కాబట్టి నువ్వు ముందు బోటు వెనక నిలబడి సైలెన్సర్ గొట్టం చూడు. నీళ్లు గుబుక్కు గుబుక్కుమని ధారాళంగా పడాలి. తక్కువ పడుతూ తెల్లటి ఆవిరి వస్తుంటే జబ్బు ఉప్పునీళ్ల వైపే: నీళ్లు వడకట్టే జాలీలో ప్లాస్టిక్ సంచి, జాలీ మూత రబ్బరు రింగు దగ్గర గాలి పీల్చడం, ఇంపెల్లర్, కూలర్, ఆఖరికి సైలెన్సర్ వంపు. ఆ వంపులో మసీ ఉప్పూ కలిసి రాయిలా గడ్డకడతాయి, పైకి ఏమీ కనపడదు, విప్పి వేలు పెడితేనే తెలుస్తుంది. నీళ్లు బాగానే పడుతున్నా కాగుతుంటే మంచినీళ్ల వైపు చూడు, బెల్టు వదులా, ట్యాంకులో నీళ్లు తగ్గుతున్నాయా, రేజ్ చేస్తే బుడగలు తేలుతున్నాయా. ఆ బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు హెడ్ మాట ఆలోచిద్దాం. కాగి ఉన్నప్పుడు మాత్రం ట్యాంకు మూత తియ్యకు, మొహం కాలుతుంది.

నల్లపొగ కూడా వస్తోందా? నువ్వు చెప్పలేదు. వస్తే బోటుని తోసే అడుగు ఫ్యానుకి వల ముక్కేదైనా చుట్టుకుందేమో, అడుగున గుల్లలు గీకించావో లేదో చూడు. బరువు ఎక్కువై కూడా కాగుతుంది.

ఇంకోటి, గేజిని నమ్మకు. దూరం నుంచి వేడి చూపించే చిన్న గన్ ఉంటుంది చూడు, దాంతో థర్మోస్టాట్ గూడు మీదా, కూలర్‌కి ఉప్పునీళ్లు వెళ్లే చోటా, వచ్చే చోటా కొట్టి చూసి అంకెలు నాకు పంపు. మా బోటు నడిపే సరంగు దగ్గర ఆ గన్ ఉంది, కావాలంటే రేపు బస్సుల కాంప్లెక్స్‌లో కాకినాడ బస్సుకి పార్సిల్ వేయిస్తా. పాత ఇంపెల్లర్ పారేశావా? పారేయకపోతే ముందు దాని రెక్కలు లెక్కపెట్టి ఫోన్ చెయ్యి.

నీ
మావ