అవ్వకు విగ్రహం వద్దు, ఆ గది ఇప్పించండి

కలెక్టర్ గారికి నమస్కారం.

పోయిన నెల మా అవ్వ కాలం చేసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు, నలభై దాటాక పలక పట్టింది. వాచకంలో సారాకు ఎదురు తిరిగిన సీతమ్మ కథ చదివి ఆడవాళ్లు సారా కొట్ల మీదికి కదిలిన రోజుల్లో చీపురుకట్టతో ముందు వరసలో నిలబడింది (మా తాతా తాగేవాడే లెండి). 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అవ్వ మాత్రం ఆగలేదు. రాత్రిళ్లు మాకు అన్నం పెట్టి, లాంతరు పట్టుకుని పాఠం చెప్పడానికి వెళ్లేది. ఊళ్లో పింఛను కాగితాలు, బ్యాంకు ఫారాలు ఆమే నింపేది. ఎవరైనా వేలిముద్ర వేస్తానంటే తిట్టిపోసేది.

ఆ పాఠాల గదిలో ఇప్పుడు ఎరువుల బస్తాలున్నాయి. అవి తీయించి, ఒక లైటు, రెండు దినపత్రికలు వేయిస్తే చాలు. తాళంచెవి పంచాయతీ ఆఫీసులోనే ఉంది.