పంపు మార్చాలంటే ముందు పరీక్ష రాసివ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పాత డీజిల్ కారు పొద్దున్నే స్టార్ట్ కాకపోయినా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ తగ్గినా ‘ఇంజనుకు డీజిల్ అందించే పంపు పోయింది, మార్చాల్సిందే’ అనేయడం ఇప్పుడు మామూలైపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు బాగుచేసే పనిలోనే నేను పెద్దవాణ్ణయ్యాను. ఇలా నింద పడ్డ బళ్లు మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి పంపు విప్పాల్సిన పనే ఉండదు.

మొన్నామధ్య గుడివాడ వైపు నుంచి ఓ రిటైర్డ్ మాస్టారు తన ఇండికాను ఇంకో బండికి కట్టి లాక్కొచ్చారు. రాత్రి ఆపితే పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతోంది. ఒక్కసారి అందుకుంటే ఇక రోజంతా ఇబ్బంది లేదు. ఒక సర్వీసు సెంటరు వాళ్లు పంపు మార్చాలని ఎస్టిమేట్ ఇచ్చారు. ఆ మొత్తం కారు అమ్మితే వచ్చే డబ్బులో దాదాపు సగం. ఫిల్టరుకూ పంపుకూ మధ్య లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, డీజిల్‌తో పాటు గాలి బుడగలు వరసగా వస్తున్నాయి. ట్యాంకు లైను తీసేసి, క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి నేరుగా పంపుకు అందిస్తే హాఫ్ సెల్ఫ్‌కే ఇంజను అందుకుంది. ఫిల్టరు దగ్గర రబ్బరు పైపు బీటలు వారి గాలి లాగుతోంది, అంతే. పైపు, క్లిప్పులు, రాగి వాషర్లు మార్చాం. బండిని రాత్రంతా షెడ్డులోనే ఉంచి, మర్నాడు చల్లటి ఇంజను స్టార్ట్ చేసి చూపించాకే ఆయన తీసుకెళ్లారు.

ఇలాంటి కార్లు నడిపేవాళ్లు సరదాకి నడపడం లేదు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 5,000 రూపాయలకు పెరిగింది. హరిత పన్ను వేరే. అవన్నీ కట్టి బండి ఉంచుకున్నారంటే కొత్తది కొనే స్తోమత లేకనే. వాళ్ల చేత అక్కర్లేని పంపు కొనిపించడం అన్యాయం.

ఇండికా లాంటి బళ్లలో ఉండే రోటరీ పంపును మేము ఇప్పటికీ మైకో పంపు అనే అంటాం, కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారినా. అందులో ఒక్క ప్లంజరే, అంటే డీజిల్‌ను నెట్టే కడ్డీయే, తిరుగుతూ, ముందుకీ వెనక్కీ కదులుతూ నాలుగు సిలిండర్లకూ డీజిల్ పంచుతుంది. పాత లారీల లైను పంపులో ఒక్కో సిలిండరుకు ఒక్కో ప్లంజరు ఉంటుంది, వాటిని కదిపే క్యాంషాఫ్టుకు ఇంజనాయిలు అందుతుంది. రోటరీ పంపుకు ఆ సదుపాయం లేదు, డీజిలే దానికి ఆయిలు. కాబట్టి డీజిల్‌లో నీళ్లు చేరినా, కిరోసిన్ కలిసినా, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తోలినా లోపల అరుగుదల మొదలవుతుంది. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుందని చాలామంది ఓనర్లకు తెలియదు. చెప్పాల్సినవాళ్లు చెప్పడం లేదు.

2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య ప్రమాణాల ప్రకారం బీఎస్-6 డీజిల్ వచ్చి గంధకం 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10కి తగ్గింది. దానివల్లే పాత పంపులు పోతున్నాయని కొందరు భయపెడుతున్నారు. గంధకం తీసేటప్పుడు డీజిల్‌లో జిడ్డుగుణం తగ్గే మాట నిజమే. అందుకే జిడ్డునిచ్చే మందు కలుపుతారు, ఎంత అరుగుదల దాటకూడదో ప్రమాణంలోనూ హద్దు ఉంది. ఒకవేళ పంపులోని పాత సీళ్లు గట్టిపడి డీజిల్ కారుతున్నా, సీలు కిట్టుతో, కాలిబ్రేషన్‌తో (పంపు వదిలే డీజిల్ కొలత సరిచేయడం) పోయే పని అది. కల్తీ అనుమానం ఉంటే బంకులో డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మనకుంది. ట్యాంకరుతో వచ్చిన చలానాలో రాసిన డెన్సిటీకీ దానికీ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు మించకూడదు.

కామన్ రైల్ బళ్ల సంగతి వేరు. వాటిలో పంపు డీజిల్‌ను ఎక్కువ ప్రెషర్‌తో ‘రైలు’ అనే ఒకే గొట్టంలోకి నెడుతుంది, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు అందుతుంది. ఇన్నోవా ఆగి ఆగి పోతుంటే, ఐడిలింగ్ ఊగుతుంటే చాలాసార్లు పంపు మీద ఉండే చిన్న కంట్రోల్ వాల్వుదే తప్పు. అది విడిగా మార్చవచ్చు. నిజంగా పంపే అరిగి ఇనుప రజను వదిలిందంటే మాత్రం ఒక్క పంపు మార్చి ఊరుకుంటే లాభం లేదు. రైలు, ఇంజెక్టర్లు, పైపులు, ట్యాంకు అన్నీ చూడాలి, లేకపోతే కొత్తదీ త్వరగానే పోతుంది. ఇంకో మాట నా తోటి మెకానిక్‌లకు. పాత బళ్లలో ఇంజను నడుస్తుండగానే నాజిల్ నట్టు వదులు చేసి ఏ సిలిండరు కొట్టడం లేదో చూసేవాళ్లం. కామన్ రైల్ మీద ఆ పని దయచేసి చేయకండి. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు, కూడా దాటగలదు, ఆ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. చేతులు పోగొట్టుకుంటారు.

వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులను నేను కోరేది ఒక్కటే. పంపు మార్చాలని చెప్పే ఏ వర్క్‌షాపైనా నేను పైన చెప్పిన గాలి బుడగల పరీక్ష, క్యాను పరీక్ష, పంపును టెస్టు బెంచి మీద పెట్టి నడిపితే వచ్చిన రీడింగులు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఓనరుకు ఇవ్వాలని నిబంధన పెట్టండి. విప్పిన పాత పంపు ఓనరుది, అతనికే అప్పగించాలి. ఎక్స్‌చేంజిలో తీసుకుంటే ఎంత తగ్గించారో బిల్లులో చూపించాలి. ఈ నిబంధన మా షెడ్డుకూ వర్తించాలి, మేము అందుకు సిద్ధం. అప్పటిదాకా కార్ల ఓనర్లు ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడగండి. వాళ్లు ఇవ్వం అంటే బండి తెచ్చేసుకోండి. డబ్బు కట్టాక మోసపోయామని తెలిస్తే 1915 హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

— ఒక డీజిల్ పంపు మెకానిక్, ఆటోనగర్, విజయవాడ