వార్షిక నివేదిక: ఆదివారం పరిశోధన రాత తరగతి, చెన్నై

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది సభ, పిల్లల తెలుగు బడి వివరాలు వేరే కాగితంలో ఉన్నాయి. ఇది ఆదివారం ఉదయం జరిగే పరిశోధన రాత తరగతి గురించి మాత్రమే. ఇక్కడికి ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదివేవాళ్లు, థీసిస్ గడువు నెత్తిమీదికొచ్చిన పీజీలు, ఉద్యోగం చేస్తూ మొదటి పేపరు రాయాలనుకునే నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు వస్తున్నారు. పరిశోధన పద్ధతుల పాఠం మనం చెప్పడం లేదు. ఆ పనికి మన ఊరి అయపాక్కంలోనే ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్ కోర్సు ఉంది. ఎవరి రాతను వాళ్ల ముందే పెట్టి దిద్దడం మన పని.

మొదట్లో రెండు గంటలు ఉపన్యాసమే పెట్టాం. నోట్సు అందరూ రాసుకున్నారు, పేపరు ఎవరూ రాయలేదు. అందుకని ఉపన్యాసాన్ని ఇరవై నిమిషాలకు కుదించి, మిగతా సమయం ముగ్గురేసి కూర్చుని ఒకరిది ఒకరు చదివేలా మార్చాం. రాసే వరుసనూ తిరగేశాం. ముందు పట్టికలు, తరువాత పద్ధతులు, ఫలితాలు, ఆపైన చర్చ, ఉపోద్ఘాతం. సారాంశం, శీర్షిక చిట్టచివర. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టినవాళ్లు మధుమేహం ప్రపంచమంతా ఎలా పెరుగుతోందో మూడు పేజీలు రాసి అక్కడే అలసిపోతున్నారు.

పద్ధతుల భాగానికి నమూనాగా యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకున్నాం. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. దాని రూపాంతరాలు ఇప్పటికీ ల్యాబుల్లో వాడుకలో ఉన్నాయి. చదివినవాడు తన బల్ల మీద చేసి చూసుకోగలిగితేనే అది పద్ధతి. మన తరగతి పరీక్ష కూడా అదే: పక్కవాడు మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడగకుండా ఆ పని మళ్లీ చేయగలడా? ‘బీపీ చూశాం’ అని రాస్తే చేయలేడు. ఎన్ని నిమిషాలు కూర్చోబెట్టాక, ఏ చేతికి, ఏ సైజు కఫ్‌తో, ఎన్నిసార్లు, రెండుసార్లయితే సగటు తీశారా, రెండోది తీసుకున్నారా, ఇవన్నీ కావాలి. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది కాబట్టి ‘ఎవరు చూశారు’ అన్నది మనవాళ్ల రాతలో తరచూ జారిపోతోంది.

ఎక్కువమంది చిక్కుకున్నది శాంపిల్ సైజు, అంటే అధ్యయనంలో ఎంతమందిని చేర్చుకోవాలన్న లెక్క దగ్గర. సూత్రం అందరికీ నోటికి వచ్చు: 4 × పి × క్యూ ÷ డి². పి అంటే ఆ సమస్య ఎంత శాతం మందిలో ఉంటుందన్న అంచనా, క్యూ అంటే వందలో మిగతాది, డి అంటే ఆ అంచనాలో ఒప్పుకునే తేడా. పి 20 శాతం, డి 5 అనుకుంటే 4 × 20 × 80 ÷ 25, అంటే 256. అదే డి అంటే ‘పి లో 20 శాతం’ అనుకుంటే డి 4 అవుతుంది, లెక్క 400కు చేరుతుంది. రెండూ ఒప్పే, కానీ ఏది వాడారో రాయకపోతే పరీక్షకుడు మొదట పట్టుకునేది అక్కడే. ఇంకొకటి: పదిశాతం మంది మధ్యలో మానేస్తారని 256కు పదిశాతం కలిపి 282 అని రాస్తున్నారు. 256ను 0.9తో భాగించాలి, 285 వస్తుంది. మూడే తేడా కదా అనిపిస్తుంది, కానీ 282లో పదిశాతం పోతే 254 కూడా మిగలరు.

ఫలితాల్లో ‘చాలామంది’ అన్న మాటను నిషేధించాం. అభ్యాసానికి కల్పించిన అంకెలతో చెప్పాలంటే, ‘చాలామందికి పాదాలు మొద్దుబారాయి’ అన్నది ‘120 మందిలో 42 మందికి (35 శాతం, 95 శాతం విశ్వాస అంతరం 26.5 నుంచి 43.5) పాదాలు మొద్దుబారాయి’ అని మారాలి. విశ్వాస అంతరం అంటే అసలు శాతం ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే అంచనా. పట్టికలో ఉన్న ప్రతి అంకెనూ మళ్లీ వాక్యాల్లో పోయకూడదు. ముగ్గురిలో ఇద్దరిని 66.67 శాతం అనడమూ మానుకోవాలి.

ఈ ఏడాది అనుకోకుండా మీదపడ్డ పని తెలుగు సమ్మతి పత్రాలు, అంటే పరిశోధనలో చేరడానికి ఒప్పుకుంటూ రోగి సంతకం చేసే కాగితాలు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఇక్కడి ఆసుపత్రులకు వచ్చే రోగుల కోసం, పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలు తమిళంతోపాటు తెలుగు ప్రతీ అడుగుతున్నాయి. విద్యార్థులు మెషీన్ అనువాదం తెచ్చి ‘కాస్త సరిచూడండి’ అన్నారు. అందులో ‘మీరు ఏ సమయంలోనైనా ఉపసంహరించుకోవచ్చు’ అని ఉంది. దేన్ని? ఎక్కడి నుంచి? మేం ‘ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నా మీకు జరిగే వైద్యం ఆగదు’ అని మార్చాం. ‘5 మి.లీ. రక్త నమూనా’ పక్కన ‘ఒక టీ చెంచాడు’ అని చేర్చాం. ‘యాదృచ్ఛికీకరణ’కు బదులు ‘చీటీ తీసినట్టు’ అని రాస్తే, చదివించుకున్న ఒక పెద్దావిడ నెలనెలా ఎంత కట్టాలని అడిగారు! చీటీపాట అనుకున్నారన్నమాట. దాన్ని ‘బొమ్మా బొరుసా వేసినట్టు, ఏ గుంపులో పడతారో డాక్టరూ ఎంచరు, మీరూ ఎంచరు’ అని దిద్దుకున్నాం.

ఇప్పుడు పాటిస్తున్న వరుస ఇది. ఒకరు తెలుగు చేస్తారు. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషు చేస్తారు. మూడోవారు రెండు ఇంగ్లీషు ప్రతులనూ పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తిస్తారు. ఆపైన వైద్యంతో సంబంధం లేని ఇద్దరికి పైకి చదివి వినిపిస్తాం. ఈ చివరి మెట్టు వదలకూడదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేని కుటుంబాలు చెన్నైలో ఎన్ని ఉన్నాయో మనకు తెలియంది కాదు. పత్రం వాళ్ల చెవికి అర్థం కావాలి. చదవలేనివారి దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు పరిశోధన బృందానికి చెందని సాక్షి పక్కనే ఉండి సంతకం చేయాలన్నది కూడా చాలామందికి గుర్తుండటం లేదు.

మిగతావి క్లుప్తంగా. వ్యాయామం కూడా చికిత్సే కాబట్టి, దాన్ని పరీక్షించే ఫిజియోథెరపీ థీసిస్‌నూ మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఆలస్యంగా వచ్చినవాటిని అక్కడ తీసుకోవడం లేదు. పేపరు మీద రచయితగా పేరు ఉండాలంటే ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) చెప్పిన నాలుగు షరతులూ కావాలి, విభాగాధిపతి అయినంత మాత్రాన పేరు చేరదు (ఈ మాట తరగతిలో చెప్పడం తేలిక, విభాగంలో చెప్పడం కష్టం). ఏఐ ఇచ్చిన రిఫరెన్సులు కొన్ని అసలు లేనివి. ప్రతిదాన్నీ పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే వెబ్‌సైటులో) తెరిచి చూశాకే, రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ జోటెరోలోకి ఎక్కించాలి. వారంలో అచ్చు వేస్తామని మెయిలు పంపే పత్రికలకు జవాబే ఇవ్వవద్దు.

వచ్చే ఏడాదికి, సమ్మతి పత్రాల పనికి తెలుగు బాగా చదవగలిగి, వైద్యం తెలియని సభ్యులు కావాలి. విశ్రాంత ఉపాధ్యాయులైతే మరీ మంచిది, నెలకు ఒక ఆదివారం చాలు. తరగతికి వచ్చేవాళ్లకు ఒక మనవి: హాల్లో ప్లగ్గులు తక్కువ, ల్యాప్‌టాప్ లేకపోయినా ఫరవాలేదు. పట్టికలు మాత్రం మూడు ప్రతులు అచ్చు తీయించి తెండి.